నడిపి కెమెరాలో పసుపు

నార్మిటా గడ్డం కొంచెం పైకెత్తి, రెప్ప వేయకుండా కూర్చుంది. ఎదురుగా కొట్టు కుర్రాడు రోడెల్ కొత్త కెమెరాను స్టాండుకు బిగిస్తున్నాడు. మనీలాలో కెమెరా కొట్లన్నీ వరసగా ఉండే ఆ వీధిలో, చువా గారి కొట్టు కిటికీ పక్కనున్న ఎత్తు స్టూలు ఆమెది. ఏ కొత్త కెమెరా వచ్చినా మొదటి ఫోటో ఆమెదే.

ఆమె చేరింది ఊడవడానికి, అద్దాలు తుడవడానికి. ఫిల్ము రోజుల్లో ఒకసారి ఎవరూ దొరక్క చువా గారి భార్య ఆమెను కూర్చోబెట్టింది. "ఈ పిల్ల కదలదు. రాయిలా కూర్చుంటుంది," అంది మెచ్చుకోలుగా. ఆ మాట మీదే ఆమె బతుకంతా గడిచింది. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, ఆమే మర్చిపోయింది. కొనేవాళ్ళు ఆమె మొహాన్ని తెర మీద పెద్దది చేసి చూస్తారు. ఒక్కో వెంట్రుకా విడివిడిగా ఉందా, చెవి వెనక నీడలో బొమ్మ చెదిరి చుక్కలు లేచాయా అని వెతుకుతారు. బేరం కుదిరాక, పక్కనే పెట్టె కడుతున్న ఆ మనిషితో మాత్రం, "టేపు గట్టిగా వెయ్యమ్మా," అని వెళ్ళిపోతారు.

ఈసారి వచ్చింది నడిపిది. ఆ కంపెనీ పెద్ద కెమెరా పోయిన క్రిస్మస్‌కు వచ్చింది, చిన్నది ఎండాకాలంలో. పెద్దది రోజంతా మెడలో వేసుకుంటే భుజం పడిపోతుంది. చిన్నది తేలికే కాని చీకటి పడితే చేతులెత్తేస్తుంది. నడిపిది పెద్దదాని కన్నూ, చిన్నదాని ఒళ్ళూ తెచ్చుకుని పుట్టిందని వీధంతా చెప్పుకుంటున్నారు.

నార్మిటా ఇవాళ పౌడరు రాసుకోలేదు. కావాలనే. కొంతకాలంగా ఒళ్ళంతా దురద, అన్నం చూస్తే వికారం. పేటలోని ఆరోగ్య కేంద్రంలో నర్సు కంటి రెప్ప కిందికి లాగి చూసి, "కామెర్లు. పెద్దాసుపత్రికి పో. తెల్లారకముందే వరసలో నిలబడాలి. ఆలస్యం చెయ్యకు," అంది. రెండుసార్లు సెలవడిగితే చువా గారు, "కొత్తది వస్తున్నప్పుడు నువ్వు లేకపోతే ఎలా?" అన్నారు. నోటితో చెబితే చెవిన పడలేదు. తెర మీద చూస్తే నమ్మకపోరు అనుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, కెమెరా తనను సరిగ్గా చూడాలని ఆమె కోరుకుంది.

షట్టరు టక్కుమంది.

"ఇదేంటి, ఇంత పసుపు కొడుతోంది?" అన్నాడు అర్నుల్ఫో. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే మనిషి. నడిపిది కొందామని పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. తెర మీద మూడు మొహాలు పక్కపక్కనే ఉన్నాయి. పెద్దదీ చిన్నదీ తీసినవి పాత ఫోటోలు, మూడోది ఇప్పటిది. "పెళ్ళికూతుర్ని ఇలా తీస్తే వాళ్ళ నాన్న నన్ను చర్చి వాకిట్లోనే పాతేస్తాడు."

"కొత్తది కదన్నా, ఇంకా సిగ్గు పోలేదు," అన్నాడు రోడెల్.

"సిగ్గయితే ఎర్రబడాలి గాని పచ్చబడుతుందేంట్రా? కెమెరాకు కామెర్లొచ్చాయా?"

నార్మిటా ఉలిక్కిపడింది. కదిలిందని రోడెల్ కసిరాడు.

"అయినా పాత ఫోటోలతో పోలికేంటి? మూడింటితోనూ ఇప్పుడే తియ్యి," అన్నాడు అర్నుల్ఫో.

రోడెల్ తీశాడు. మూడు ఫోటోలూ తెర మీదికొచ్చాయి. మూడింట్లోనూ ఒకటే రంగు. చెంపలూ మెడా పండిన మామిడితొక్కలా ఉన్నాయి, కళ్ళలోని తెల్లగుడ్లతో సహా.

చువా గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తెరను చూశారు, తర్వాత కిటికీ బయటికి చూశారు.

"ఎదురుకొట్టు వాడు కట్టిన పరదా. దాని రంగు పడుతోంది," అన్నారు.

ఎదురుకొట్టు పరదా నీలం రంగుది.

"పరదా కాదు సార్. నేనే పచ్చబడ్డాను," అంది నార్మిటా.

రోడెల్ పకపకా నవ్వాడు. "కెమెరా తప్పు నీ నెత్తినేసుకుంటావేంటక్కా!"

అర్నుల్ఫో తెర వదిలి ఆమె వంక చూశాడు. అతని చూపు ఆమె కళ్ళ దగ్గర ఆగింది. తర్వాత నడిపిదాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, బరువు చూసుకున్నాడు.

"రంగు సరిచెయ్యొచ్చుగా?" అన్నాడు.

"ఎందుకు చెయ్యలేం!"

రోడెల్ వేలు కదిలే కొద్దీ పసుపు మెల్లగా దిగిపోయింది. ముందు మెడ తేటపడింది, తర్వాత చెంపలు గులాబీ రంగుకు తిరిగాయి, చివరికి కళ్ళు తెల్లబడ్డాయి. ఆమె వెనకున్న తెల్లగోడ మాత్రం నీలంగా మారింది. గోడను ఎవరూ చూడలేదు.

"ఇదిగో, ఇప్పుడు మన అక్క!" అన్నాడు రోడెల్.

అర్నుల్ఫో నడిపిదే కొన్నాడు. నార్మిటా పెట్టె కట్టి ఇచ్చింది. అందుకునేటప్పుడు అతను ఆమె మొహం చూడలేదు.

కొట్టు కట్టేసే ముందు ఆమె మళ్ళీ సెలవడిగింది.

"చూశాంగా, బాగానే ఉన్నావు. ఈ ఆదివారం దాటనీ," అన్నారు చువా గారు.

"సరే సార్," అంది. గుడ్డ తీసుకుని తెర తుడవడానికి వెళ్ళింది. గులాబీ రంగు మొహం ఇంకా అక్కడే ఉంది. ఆమె దాని మీద గుడ్డను గట్టిగా రుద్దింది. మళ్ళీ రుద్దింది. రోడెల్ వెనక నుంచి, "గీతలు పడతాయక్కా," అన్నాడు.

శుక్రవారం పొద్దున పనికి వస్తూ జీప్నీ బండి ఎక్కబోయి పడిపోయింది. పెద్దాసుపత్రిలో వరస లేకుండానే చేర్చుకున్నారు. కడుపులో గడ్డ పైత్యరసానికి అడ్డుపడిందని, ముందే రావలసిందని డాక్టరు ఆమె మేనకోడలు జొవెలిన్‌తో చెప్పాడు. వానలు తగ్గకముందే నార్మిటా పోయింది.

శవపేటిక దగ్గర పెట్టడానికి ఫోటో కావాలని జొవెలిన్ కొట్టుకు వచ్చింది. ఇంట్లో ఒక్కటీ లేదు. కొట్టులో వేలకు వేలున్నాయి, కాని రోడెల్ ఏది తెరిచినా ఒక కన్నో, ఒక చెవో, పెదవి మూలో. పెద్దదీ చిన్నదీ తీసిన పాత మొహాలను పోలిక అయిపోయాక చెరిపేశాడు. మొహమంతా ఉండి, చూడడానికి బాగున్నది ఆ గులాబీ రంగుదొక్కటే. మంచి కాగితం మీద పెద్దదిగా వేసిచ్చాడు.

ఆఖరి చూపుకు వచ్చినవాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని ఆ ఫోటో ముందు నిలబడిపోయారు. "ఎంత ఆరోగ్యంగా ఉందో! ఈ మనిషికి జబ్బంటే ఎవరు నమ్ముతారు? ఏ కెమెరాతో తీశారు బాబూ?" అని ఒకావిడ రోడెల్‌ను అడిగింది. రోడెల్ ఖాళీ కప్పులు ఏరుకుని లోపలికి పోయాడు.

డిసెంబరులో ఇంకో కెమెరా వచ్చింది. స్టూలు మీద కొత్తమ్మాయి కూర్చుంది. మంచి పొడగరి. కాళ్ళకు అడ్డొస్తోందని కిందున్న చెక్కపీటను మడమతో గోడవారకు నెట్టేసింది. నార్మిటా పొట్టి మనిషి, ఆ స్టూలు మీంచి కాళ్ళు నేలకు అందేవి కావు. పీటకు వేసిన గోధుమరంగు ఎక్కడా చెదరలేదు. నడిమధ్య, పక్కపక్కనే, రెండు చిన్న పాదాలంత మేర మాత్రం అరిగి తెల్లబడి ఉంది.