నర్సింలు గంజు చల్లారిన శుక్రవారం

గల్ఫ్ దీవిలోని అస్కర్ కూలీల క్యాంపులో ఆగస్టు ఎండ సంగతి చెబితే ఎవరూ నమ్మరు. గోడ మీద బల్లి ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుకుంటూ నిలబడుతుంది. కోడిగుడ్డు కొనుక్కుని గదికి చేరేసరికి ఉడికిపోయి ఉంటుంది, పెంకు తీయడమే తరువాయి. నల్లా తిప్పితే మిద్దె మీది ట్యాంకులోంచి సలసల కాగిన నీళ్లొస్తాయి. అందుకే అక్కడివాళ్లు ఎండాకాలమంతా గీజర్ బంద్ పెట్టి, అందులో నీడపట్టున నిలవున్న నీళ్లనే చన్నీళ్లనుకుని పోసుకుంటారు.

అలాంటి చోట, మిట్టమధ్యాహ్నం పూట, లింగన్న ఒక పెద్ద గంజు గిన్నెడు కషాయాన్ని చల్లార్చాలి. చల్లార్చకపోతే చచ్చిపోయిన నర్సింలు ఇంటికి పోడు.

నర్సింలుది జగిత్యాల దిక్కు. గదిలో పై మంచం అతనిది, కింది మంచం లింగన్నది. బీరు కాయడంలో నర్సింలును మించినవాడు ఆ దీవిలో లేడు. కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టులో దొరికే మాల్ట్ పాకం డబ్బా, చక్కెర, నీళ్లు కలిపి గంజులో మరిగించేవాడు. అదే కషాయం. అది చల్లారాక ఈస్ట్ వేస్తే పొంగి, పులిసి, బీరవుతుంది. చల్లారడం దగ్గరే అతని పంతమంతా.

"ఉడుకుల ఏస్తే ఈస్టు సస్తది. పసిపోరనికి పోసే నీళ్లున్నట్టుండాలె" అంటూ గంజు పక్కనే ముక్కాలిపీట వేసుకుని కాపలా కూర్చునేవాడు. మాటిమాటికీ గంజు పొట్ట మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి, మూత మీద వేలితో టంగుమని కొట్టి, "సల్లారిందారా?" అని అడిగేవాడు. "ఇంకా లేదన్నా" అనేవాడు లింగన్న. వాళ్లిద్దరి మధ్య అదొక ఆట.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు గంజు పొయ్యి మీంచి దించి, "ఎవ్వలు ముట్టకుండ్రి, నేనొచ్చి ఈస్టేస్త" అని చెప్పి డ్యూటీకి పోయాడు. అక్కడే గుండె పట్టుకుని కూలబడ్డాడు. శవం పెట్టెలో ఊరికి పోయింది. ఆ ఏడుపులో గంజు సంగతి ఎవరికీ గుర్తు లేదు. కంపు కొట్టాక అదే గదిలో ఉండే భూమేష్ పారబోసి, తోమి, బోర్లించాడు.

మరునాటి మధ్యాహ్నం ఖాళీ గంజు టంగుమంది. "సల్లారిందారా?" అని వినబడింది.

లింగన్న నోరు అలవాటు కొద్దీ జవాబు చెప్పేసింది. "ఇంకా లేదన్నా."

ఇక రోజూ అదే తంతు. మిగతావాళ్లు సామాను సర్దుకుని వేరే గదుల్లోకి జరిగారు. భూమేష్ మాత్రం ఒకసారి ధైర్యం చేసి, ఖాళీ గంజు ముందు నిలబడి "సల్లారింది, ఇగ పోవే" అన్నాడు. గంజు లేచి అతని నెత్తిన టోపీలా కూర్చుంది. పొద్దుగూకేదాకా ఊడి రాలేదు. దాంట్లోనే చాయ్ ఎలా తాగాడో అడిగితే ఇప్పటికీ చెప్పడు.

అంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ రానురాను ఆ గొంతు ఎండిపోతూ వచ్చింది. ఎక్కడినుంచో సముద్రం మీదుగా నడిచొచ్చినవాడిలా ఆయాసం. తలుపు దగ్గర ఉప్పు తేలిన పాదాల గుర్తులు. నడిచి నడిచి అరిగినట్టు రోజురోజుకీ ఆ పాదాలు చిన్నవైపోతున్నాయి.

"నువ్వు లేదంటున్నవ్ గాబట్టే ఆయన మల్ల మల్ల ఒస్తుండు లింగన్నా" అన్నాడు భూమేష్. "గాయన్ను ఆపుతున్నది నువ్వే."

లింగన్నకు కోపం వచ్చింది. నిజం కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ మాట వినబడని మధ్యాహ్నం ఎలా ఉంటుందో అతను ఊహించలేకపోయాడు.

గేటు బయట కోల్డ్ స్టోర్ నడిపే షఫీఖ్ భాయ్‌ది నిజామాబాద్. లింగన్న చెప్పిన కథంతా విని అతను గడ్డం గోక్కున్నాడు. "పని అధూరా ఇడిసిపోయిండు పాపం. మీరు పూరా చెయ్యండి, పోతడు. ఐసు గావాల్నా?"

"గావాలె భాయ్. ఎందుకంటే..."

"ఎందుకో నాకు చెప్పకు, పోలీసులొస్తే నాకేం తెల్వదు. ఐసు గొన్నవు, ఖలాస్."

ఆ శుక్రవారం, సెలవు రోజున, భూమేష్ గదిలో మాల్ట్ పాకం మరిగిస్తుంటే, లింగన్న ఐసు సంచి భుజాన వేసుకుని ఉరికాడు. గేటు దాటేసరికి సగమైంది. గదికి చేరేసరికి సంచిలో మిగిలింది ఒక నిమ్మకాయంత. దాన్ని టబ్బులో వేసి, గీజర్‌లోని నీళ్లన్నీ పట్టి, మరిగిన గంజును అందులో దించాడు. తడి లుంగీ చుట్టాడు. భూమేష్ అట్టముక్కతో విసిరాడు. టబ్బులో నీళ్లే వేడెక్కాయి గానీ కషాయం చల్లారలేదు.

మూత టంగుమంది.

"సల్లారిందారా?"

"ఇంకా లేదన్నా." ఈసారి అది నిజం.

గంజు పక్కన ముక్కాలిపీట కిర్రుమంది, ఎవరో బరువుగా కూర్చున్నట్టు. మూత తనంతట తనే పక్కకు జరిగింది. కషాయంలో అల ఒకటి లేచి గుండ్రంగా తిరగసాగింది. గదిలోకి చలి వచ్చింది. అస్కర్‌లో ఎన్నడూ ఎవరూ చూడని చలి. టబ్బు అంచున మంచు పొర కట్టింది. భూమేష్ రగ్గు కప్పుకుని, దాని మీద పరుపు కూడా కప్పుకున్నాడు.

లింగన్న గంజు పొట్ట మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించాడు. పసిపోరనికి పోసే నీళ్లు. సరిగ్గా అంతే.

చెప్పాలి. చెబితే పోతాడు. లింగన్న చెప్పలేదు.

కషాయం తిరుగుతూనే ఉంది. గంజు చెయ్యి పెట్టలేనంత చల్లబడింది. మూత మీద వేలు తగిలిన చప్పుడు గాజు మోగినట్టు, చాలా దూరం నుంచి వచ్చింది. "సల్లా... రిందా... రా?"

"చెప్పవేందే?" పరుపు కిందనుంచి భూమేష్ పళ్లు టకటకలాడాయి. "ఇంకా సల్లవడితే ఈస్టు లెవ్వది. సచ్చినోన్ని సుత మల్ల సలికి సంపుతవా ఏంది?"

లింగన్న కళ్లు తుడుచుకున్నాడు. తుడిచిన నీళ్లు వేళ్ల మీదే గడ్డకట్టాయి.

"సరిపోయిందన్నా" అన్నాడు. "మస్తు సల్లారింది. ఇగ చెయ్యి తియ్యి."

అల ఆగింది. పీట మళ్లీ కిర్రుమంది. తలుపు సందులోంచి ఎండ మెల్లగా లోపలికి వచ్చింది. ఆ ఎండ సాయంతో గంజు మళ్లీ గోరువెచ్చనయ్యేదాకా ఆగి, లింగన్న ఈస్ట్ చల్లి మూత పెట్టాడు. పొద్దుగూకేసరికి మూత కింద నురగ బుసబుసలాడింది.

బీరయ్యాక, ఊళ్లో కల్లుకు చేసినట్టే, మొదటి గ్లాసు గడప బయట ఇసుకలో నర్సింలు పేరున సాక పోశాడు. ఇసుక గుటకేసినట్టు తాగింది. మిగతాది అందరూ తాగి, ఇంత మంచి బీరు రాజులు కూడా తాగి ఉండరన్నారు. సామాను సర్దుకుని పోయినవాళ్లు కూడా ఆ వాసనకు తిరిగొచ్చారు.

మరునాటి మధ్యాహ్నం కూడా గంజు పలకలేదు. లింగన్న కాసేపు దాని ముందు కూర్చున్నాడు. తనే వేలితో మూత మీద టంగుమని కొట్టి, విన్నాడు. ఏమీ లేదు. లేచి గడప దాటి, చెప్పు విడిచి, సాక పోసిన చోట కాలు పెట్టాడు. చుట్టూ ఇసుక నిప్పులు కక్కుతోంది. అరపాదమంత మేర మాత్రం పసిపోరనికి పోసే నీళ్లలా గోరువెచ్చగా ఉంది.

"లింగన్నా, డ్యూటీ బస్సొచ్చింది, యల్లా, పోదాం" అని భూమేష్ పిలిచాడు.

"ఒస్తున్న" అన్నాడు గానీ, అతను రెండో చెప్పు కూడా విడిచాడు.