తలపాగాల మనుషులు

సత్యమ్మకు ఇంట్లో చిన్న చిన్న మనుషులు కనిపించడం మొదలై నెల దాటింది. జానెడు ఎత్తు, ఎర్ర తలపాగాలు, మాటా పలుకూ లేదు. ఓసారి గదిని వెచ్చబరిచే రేడియేటర్ మీద వరసగా కూర్చునేవాళ్ళు, ఓసారి కార్పెట్ మీద బారులు తీరి నడిచేవాళ్ళు. చేత్తో తాకబోతే మాయం.

గుంటూరు నుంచి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉన్న కొడుకు భానుప్రకాష్ దగ్గరకు వచ్చేశాక ఆమెకు రెండు కళ్ళలోనూ నడిమి చూపు మసకబారింది. ఎదుటివాళ్ళ ముఖాలు ఆనేవి కావు. అలాంటిది ఈ మనుషుల తలపాగా మడతలు కూడా స్పష్టంగా కనిపించేవి. ఆమెకు అదే భయం. మతి తప్పిందని తేలితే ఎక్కడో వృద్ధుల హోమ్‌లో చేర్చేస్తారని నోరు మెదపలేదు. వాళ్ళను తొక్కేస్తానేమోనని పక్కకు తప్పుకుంటూ నడిచేది. కోడలు నాగజ్యోతి "కాళ్ళ నొప్పులా అత్తయ్యా?" అంటే, "అవునమ్మా" అనేసేది.

నాగజ్యోతికి ఇంటర్నెట్‌లో ఎన్‌సైక్లోపీడియా తెరిచి వింత విషయాలు వెతికి చదవడం సరదా. ఓ ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని, "ఇది విన్నారా అత్తయ్యా? చూపు తగ్గిన కొందరికి లేని మనుషులు కనిపిస్తారంట. టోపీలు పెట్టుకున్న బుల్లి మనుషులంట! పిచ్చి కాదంట. కళ్ళు సరిగ్గా చూపించకపోతే మెదడే సొంతంగా బొమ్మలు అల్లుకుంటుందంట" అంది.

చిక్కుడుకాయలు తుంచుతున్న సత్యమ్మ చేతులు ఆగిపోయాయి.

"టోపీలేనా? తలపాగాలు ఉండవా?"

నాగజ్యోతి గిరుక్కున తిరిగింది. "మీకు కనిపిస్తున్నారా?"

సత్యమ్మ ఏడుస్తూనే అంతా చెప్పేసింది. కోడలు వచ్చి పక్కన కార్పెట్ మీద చతికిలబడింది.

"ఇన్నాళ్ళూ ఒక్కరే దిగమింగుకున్నారా? నాతో అనొచ్చుగా!"

"ఏమని చెప్పనే? నాకే నా మీద నమ్మకం పోయింది."

మర్నాడే నాగజ్యోతి ఆమెను దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు విషయం విని కంటి ఆసుపత్రికి పంపాడు. అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "మీ మతికి ఏ ఢోకా లేదు. దీని పేరు చార్లెస్ బోనే సిండ్రోమ్. చాలామందికి వస్తుంది, బయటికి చెప్పడానికే జంకుతారు" అంది. నాగజ్యోతి తెలుగులో చెప్పింది.

"మతి గురించి అన్నది ఇంకోసారి చెప్పమను" అంది సత్యమ్మ.

డాక్టరమ్మ నవ్వి, ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ చెప్పింది.

ఇంటికి రాగానే సత్యమ్మ కాళ్ళు చాపుకుని సోఫాలో కూర్చుని, గుంటూరులోని చెల్లెలు నాగేశ్వరికి ఫోన్ కలపమంది.

"ఒసేయ్, నాకు పిచ్చి పట్టలేదటే!" అని పగలబడి నవ్వుతూ మొదలుపెట్టింది. ఆ నవ్వులకు ఏమైందోనని భానుప్రకాష్ మేడ మీద నుంచి పరిగెత్తుకొచ్చాడు.