ఆ పొద్దు ఏం కూర?

శ్రీలత పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు తలుపు తీసి, ముందుగాల చీపురు పట్టుకుంటది. జగిత్యాల పాత బస్టాండు దగ్గర, జిరాక్సు దుకాణం మీద ఆమెది ఒక్కటే అర్ర. నిన్నటి రోజు మనుషులు కూసోని చెప్పిన సంగతులల్ల మిగిలిపోయినవి నేల మీద పడి ఉంటయి. మస్కట్ నుంచి వచ్చినోడు చెప్పిపోతే దోసెడు ఇసుక, మార్కెట్ యార్డు హమాలి చెప్పిపోతే నాలుగు మక్క గింజలు. అన్ని ఊడ్చి, నీళ్లు చల్లి, రెండు కుర్చీలు ఎదురెదురుగ కాకుండ పక్కపక్కన వేస్తది. ఎదురుగ కూసుంటే మనిషికి పోలీస్ స్టేషన్ యాదికొస్తదని ఆమె లెక్క.

తొలుత ఆమె కోర్టు ముందట చెట్టు కింద దరఖాస్తులు రాసేది. రాయాలంటే వినాలె. వినంగ వినంగ ఇట్లయింది: చూసినోడు ఆమె ముందట చూసినట్టు చెప్తే, చెప్పింది అక్కడికి వచ్చి నిలబడుతది. పక్కింటోళ్లు చెప్పంగ విన్న మాట రాదు. అల్లిన మాట అసలే రాదు. జగిత్యాలల ఇది అందరికి ఎరుకే. కింది జిరాక్సాయన మాత్రం అప్పుడప్పుడు మెట్ల మీదికొచ్చి, "మేడం, ఇయ్యాల వానకాలం సంగతులు వద్దు, నా మిషిన్ మీద కురుస్తంది" అని మొత్తుకుంటడు.

పెండ్లి సంబంధాల ఆరాలు, గల్ఫ్ ఏజెంట్ల ఆరాలు, ఇల్లిడిచి పోయినోళ్ల ఆరాలు, ఇవే ఆమె పని. ఒక్కసారి మాత్రం ఆమె చేతుల తప్పు జరిగింది. మల్లాపూర్ల ఒక పిలగాని గురించి చాయ హోటలాయనను, "ఆ పొద్దు పిలగాడు తాగి ఉన్నడా?" అని అడిగింది. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "ఆ, తాగే ఉండొచ్చు" అన్నడు. వెంటనే హోటల్ ముందట పిలగాడు తూలుకుంట నిలబడ్డడు, చేతిల సీసా. సంబంధం చెడిపోయింది. నెల తర్వాత తెలిసింది, ఆ పొద్దు పిలగానికి జరం. తూలింది హోటలాయన చూసిండు. సీసా మాత్రం శ్రీలత నోట్లెకెల్లి పడ్డది. ఆనాటి నుంచి ఆమె ఎవ్వరి నోట్లె మాట పెట్టదు. "తర్వాత?" అంటది, లేకుంటే ఊకుంటది. ఊకునుడే ఎక్కువ.

ఎండలు ముదిరిన ఒకనాడు సుస్మిత అనే పిల్ల వచ్చింది. కోరుట్లల ఒక దవాఖానల రక్తపరీక్షలు చేస్తది. కూసోకముందే సంచిలకెల్లి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చింది.

'జలపతిని చంపింది నేనే. నా బీడీతోని కార్ఖానా అంటుకున్నది. నాకు శిక్ష వెయ్యాలని కోరుతున్న. ఇట్లు ఎల్లేశం.'

"మా బాపు రాసిండు" అన్నది సుస్మిత. "సిరిసిల్ల ఠాణల ఇస్తనని బయలెల్లిండు. బస్టాండుల పట్టుకున్న. పదిహేను రోజులు ఆగుమని కాళ్లు మొక్కిన మేడం."

పదకొండేండ్ల కిందటి ముచ్చట అది. సిరిసిల్లల ఎనిమిది సాంచెల కార్ఖానా. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటరు. పగటిపూట తిండి యాళ్లకు మిగతా పనోళ్లు ఇండ్లకు పోతే, ఎల్లేశం, ఆయన దోస్తు జలపతి ఇద్దరే సాంచెలు చూస్తున్నరు. ఎల్లేశం చాయ తాగొస్తనని బయటికి పోయిండు. మళ్ల వచ్చేసరికి కార్ఖానా మండుతంది. జలపతి లోపటనే ఉన్నడు.

పోలీసులు ప్రమాదమని రాసి ఊకున్నరు. వాడ మాత్రం ఊకోలేదు. ఆఖరుకు బయటికొచ్చింది ఎల్లేశం, కార్ఖానల బీడీలు తాగేది ఎల్లేశం. ఎవ్వరు మొఖం మీద అనలేదు. ఆయన కూసుంటే పక్కోళ్లు లేసి పోయేది, అంతే. ఆర్నెల్లకు సిరిసిల్ల ఇడిచి కోరుట్లకు వచ్చిండు. ఆనాటి నుంచి పొయ్యి ముట్టించలేదు, అగరొత్తి కూడ ముట్టించలేదు.

"నిజంగనే మీ బాపు బీడీ అయితే?" అని శ్రీలత అడిగింది.

సుస్మిత కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "అయితే నేనే ఎంట తోలుకపోయి ఠాణల అప్పజెప్త. తెల్వకుంట మాత్రం పోనియ్య."

ఆ మాటకే శ్రీలత పని ఒప్పుకున్నది.

మర్నాడు కోరుట్లకు పోయింది. ఎల్లేశం రేకుల ఇంటి ముందట నులకమంచం మీద కూసోని ఉన్నడు. ఆమె మంచం ఆ చివరకు కూసున్నది.

"సాంచెల పని ఎన్నేండ్లకు నేర్చినవ్, కాకా?" అన్నది.

ఆయన చెప్పవట్టిండు. చెప్తుంటే నూనె వాసన వచ్చింది, వాకిట్ల సాంచె ఒకటి లేసి నిలబడ్డది. "గిదే నాది. మూడోది. జర కుంటుతది, మూడు దెబ్బలకొకసారి ఆగి కొడుతది" అన్నడు చెయ్యి పెట్టి నిమురుకుంట. మెల్లమెల్లగ ఆ పగటికి వచ్చిండు. "చాయ తాగుదమని లేసిన. గడప దాటిన. దాటెటప్పుడు బీడీ పడేసిన."

వాకిట్ల ఏం పడలేదు.

"పడేసింది నువ్వు చూసినవా?"

"చూసిన్ననే అనుకుంటున్న." ఆయన నేల దిక్కు వంగి వంగి వెతికిండు. "ఎంతమంది అన్నరో బిడ్డా. అనంగ అనంగ నాకే కనవడుతది. నిద్రల రోజు పడేస్తున్న."

శ్రీలత ఆయనకు ఆశ పెట్టలేదు. "రాలేదంటే నీకు యాది లేదని, అంతే. పడెయ్యలేదని కాదు. ఇంకొకరి కండ్లు కావాలె" అన్నది.

ఆ కండ్ల కోసం సిరిసిల్ల పోయి కార్ఖానా సేటు శ్యాంసుందర్ను కలిసింది. ఆయన మాటకారి. బీడీ ఎట్ల పడ్డది, మంట ఎట్ల లేసింది, ఎల్లేశం ఎట్ల ఉరికిండు, అరగంట చెప్పిండు. ఇంట్ల ఒక్క నిప్పురవ్వ కూడ లేవలేదు.

"ఆ పొద్దు మీరు ఏడున్నరు సేటూ?"

"కరీంనగర్ల, కండ్ల డాక్టర్ దగ్గర" అన్నడో లేదో, గోడకు అక్షరాల అట్ట వచ్చి యేలాడింది. శ్యాంసుందర్ సిగ్గుపడి నవ్విండు.

"రోజు పగటిపూట కార్ఖానకు ఎవరెవరు వచ్చేది?"

"ఎవరొస్తరు మేడం, టిఫిన్ డబ్బలు తెచ్చే ఆడోళ్లే." ఈ మాట ఆయన కండ్లారా చూసింది. వరండాల డబ్బలు పట్టుకొని నలుగురు ఆడోళ్లు నడిచిపోయిండ్రు. మూడో ఆమెను చూపి శ్యాంసుందర్ గొంతు తగ్గించిండు. "గీమె మల్లక్క, పాపం. జలపతి పెండ్లాం. ఒక్కరోజు తప్పకుంట తెచ్చేది."

ఒక్కరోజు తప్పకుంట. శ్రీలత ఆ మాటను పుస్తకంల రాసుకున్నది.

మల్లక్క ఇంట్ల మోటరు చర్కా మీద నూలు కండెలు చుడుతది. మొదటినాడు శ్రీలత తాను ఎవరో, ఎందుకు వచ్చిందో దాచకుంట చెప్పింది. మల్లక్క తల ఎత్తలేదు. "అందరు చెప్పేదే. ఎల్లేశమన్న బీడీ" అన్నది. ఏదీ రాలేదు. శ్రీలత ఇంకో ప్రశ్న వెయ్యలేదు. తెగిన పోగు ఎట్ల అతుకుతరో చూపియ్యమన్నది. పొద్దూకేదాక పోగులు అతికి, చాయ తాగి, వెళ్లొస్తనని చెప్పి వచ్చింది. తొవ్వల ఆమెకు అనిపించింది, ఆ ఇంట్ల అంతసేపట్ల జలపతి పేరు ఒక్కసారి కూడ వినవడలేదని.

రెండోసారి పోయినపుడు పదిహేనో రోజు. ఎల్లేశం ఇంక ఆగనన్నడు. కాగితం తెమ్మని బిడ్డతోని కొట్లాడి సిరిసిల్ల దాక వచ్చిండు. సుస్మిత ఆటోను మల్లక్క ఉండే వాడ మొగదల ఆపిచ్చి, "ఒక్క గంట బాపు, ఒక్కటే గంట" అని ఆయన చెయ్యి ఇడువకుంట కూసున్నది.

లోపల మల్లక్క కండెలు చుడుతంది. పగటి పన్నెండున్నరకు కరెంటు పోయింది. చర్కా ఆగింది. వాడల సాంచెలన్ని ఒక్కసారే ఆగినయి. సిరిసిల్లల అంత నిశ్శబ్దం అరుదు. మల్లక్క చేతులు ఒళ్లె ఖాళీగ పడ్డయి. వాటిని ఏం చెయ్యాలో ఆమెకు తెల్వలేదు.

శ్రీలత మెల్లగ అడిగింది. "ఆ పొద్దు ఏం కూర వండినవ్, అక్కా?"

మల్లక్క ఉలిక్కిపడి చూసింది. శ్రీలత ఊకున్నది. బయట ఒక కోడి కూసింది. ఎవరో బిందె దించిండ్రు.

"గోకరకాయ" అన్నది మల్లక్క. "నువ్వులపొడి ఏసిన. ఆయనకు గట్ల అయితనే ఇష్టం."

ఇంట్ల నువ్వుల కమ్మటి వాసన లేసింది.

"తర్వాత?"

"డబ్బ కట్టుకొని పోయిన. ఎండ మండుతంది. చెప్పులు తెగినయి, చేత పట్టుకొని పోయిన." నేల కాలవట్టింది. శ్రీలత కాళ్లు పైకి ముడుచుకున్నది. "కార్ఖానకాడికి పోయేసరికి సాంచెలు ఆడుతున్నయి..."

గోడలు వెనుకకు జరిగినయి. చిన్న అర్రల ఎనిమిది సాంచెలు లేసి నిలబడి, కరెంటు లేకుంటనే ఆడవట్టినయి. చప్పుడు రేకులను ఎత్తి, వాడంత నిండింది. జనం గడపలల్లకు వచ్చిండ్రు. ముసలోళ్లు చెవులు రిక్కించి, "శ్యాంసుందర్ సేటు పాత కార్ఖానా" అన్నరు.

ఆటోల ఎల్లేశం తల ఎత్తిండు. ఎనిమిదిట్ల ఒకటి కుంటుతంది. మూడు దెబ్బలకొకసారి ఆగి కొడుతంది. ఆయన బిడ్డ చెయ్యి ఇడిపించుకొని, ఆ చప్పుడు పట్టుకొని నడిచిండు. మల్లక్క ఇంటి గడపలకు వచ్చి నిలబడ్డడు. మల్లక్క కండ్లు మూసుకొని ఉన్నది, చూడలేదు.

"గడపల ఎల్లేశమన్న ఎదురొచ్చిండు" అన్నది ఆమె.

సాంచెల నడుమకెల్లి ఒక నల్లవెంట్రుకల మనిషి, మెడల తువ్వాలతోని నడిచొచ్చిండు. తెల్లవెంట్రుకల ఎల్లేశం గుమ్మానికి ఆనుకొని ఆయనను చూస్తుండు.

"ఆయన ఎట్లున్నడు?" శ్రీలత అడిగింది.

"నవ్వుతున్నడు. చెవుల బీడీ పెట్టుకున్నడు. ముట్టియ్యలేదు. 'చెల్లె, నీ మొగని దగ్గర అగ్గిపెట్టె లేదు, నా దగ్గర లేదు, హోటల్ల ముట్టిచ్చుకుంట' అన్నడు."

నల్లవెంట్రుకల మనిషి ఆ మాటే అనుకుంట, చెవుల బీడీని ఒకసారి సవరించుకొని, గుమ్మంల నిలబడ్డ తన పక్కకెల్లే పోయిండు. తువ్వాల అంచు ముసలాయన చేతికి తగిలింది. ఎల్లేశం ఆ చేతిని గుండెకు పట్టుకున్నడు.

మల్లక్క చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. "అగ్గిపెట్టె నా కొంగున ఉండె. అంగడిల కొన్న. డబ్బతో పాటు నేనే ఇచ్చిన మేడం, నా చేతులతోని. ఆయన బట్ట తాన్ల మీద కూసోని ఉన్నడు. తిన్నంక తన బీడీ ముట్టిస్తనన్నడు. మంట నేను చూడలే. వైరు కాలిందో, బీడీ పడ్డదో నాకు ఎరుక లేదు. గని అన్న బీడీ కాదు. గది నాకు ఎరుకే. చెప్తే చచ్చిన మనిషి మీద పడుతది, నా మీద పడుతది. పదకొండేండ్లు అందరు నాకు చెప్పిండ్రు మేడం. ఎవ్వరు నన్ను అడగలే."

అప్పుడు కండ్లు తెరిచింది. బట్ట తాన్ల మీద జలపతి కూసోని ఉన్నడు. ముప్పై నాలుగేండ్లు. డబ్బ మూత తీస్తుండు. నుదుటి మీది చెమట కూడ కనవడుతంది. మల్లక్క నోట్లె కొంగు కుక్కుకున్నది. ఆమె ఇప్పుడు ఆయనకన్న పదేండ్లు పెద్దది.

గడపల ఎల్లేశంను కూడ చూసింది. "అన్నా" అన్నది.

ఎల్లేశం కోపానికి రాలేదు. జలపతి దిక్కే చూసుకుంట, "ఎంత చిన్నగున్నడే" అన్నడు. "వీడు కూడ నా లెక్క ముసలోడయిండని అనుకుంటున్న ఇన్నొద్దులు."

చెప్పుడు ఆగేసరికి సాంచెలు పలచబడుతున్నయి. జలపతి భుజంలకెల్లి గోడ కనవడుతంది. శ్రీలత నోరు తెరిచేలోపట ఎల్లేశం వచ్చి మల్లక్క పక్కన కూలబడ్డడు. ఎదురుగ కాదు, పక్కన. "ఇంకేమన్నడు, చెల్లె?" అన్నడు.

మల్లక్క ముక్కు తుడుసుకున్నది. "నా చెప్పులు చూసిండు. మాపటికి కుట్టిస్తనన్నడు."

జలపతి మళ్ల చిక్కబడ్డడు.

"ఇంకా?"

"గోకరకాయ బాగున్నదన్నడు." ఆమె ఇన్నేండ్లు తీయని అర ఒకటి తీస్తున్నట్టు మెల్లగ వెతికింది. "సగం తిన్నడు. సగం మూతల తీసి పక్కకు పెట్టిండు. ఎవరికని అడిగిన. 'ఎల్లేశంకు. పొద్దున ఏం తినలే వాడు. చాయ తాగొచ్చినంక తింటడు' అన్నడు."

బట్ట తాను మీద డబ్బ మూత ఉన్నది. మూతల అన్నం, కూర. ఇంకా ఆవిరి లేస్తంది.

వాడ జనం గడపల నిలబడి చూస్తున్నరు. ఎవ్వరు కదలలేదు. సుస్మిత చెంబు తెచ్చి బాపు చేతుల మీద నీళ్లు పోసింది. ఎల్లేశం మూత ముందటికి జరుపుకొని, జలపతి ముందట కూసోని, ముద్ద కలుపుకున్నడు. మల్లక్క ఒక్కొక్క మాట యాదికి తెచ్చుకొని చెప్పుకుంటనే ఉన్నది, ఆయన తినుడు అయిపోయేదాక.

కాగితం సుస్మిత సంచిలనే ఉండిపోయింది. ఎల్లేశం మళ్ల అడగలేదు.

మర్నాడు పొద్దున మల్లక్క తనంతట తానే చాయ హోటల్ కాడికి పోయి, నలుగురు ఉన్న యాళ్ల చూసి, ఉన్నదున్నట్టు చెప్పింది. శ్రీలత అప్పటికే జగిత్యాల బస్సు ఎక్కింది. హోటల్ కాడ ఏ సాంచె లేసి నిలబడలేదు, ఏ వాసన రాలేదు. ఒట్టి మాటలే. అయినా అందరు విన్నరు. నమ్మిండ్రు.

ఎల్లేశం ఆ నెలలనే సిరిసిల్లల మళ్ల సాంచెల పనికి కుదిరిండు. మొదటి రోజు పనికి పోతుంటే హోటల్ ముందటి బెంచి మీద ఒకాయన జర జరిగి, చేత్తోని దుమ్ము దులిపి, "రా అన్నా, కూసో" అన్నడు. ఎల్లేశం పోయి కూసున్నడు. పక్కనున్నోళ్లు ఎవ్వరు లేవలేదు.