పుష్పావతి గీసిన వంకర రెక్క

దేవుడొచ్చి ఎదుట నిలబడినా, ముందు ఆయన భుజాలు సమంగా ఉన్నాయో లేదో మూలమట్టం పెట్టి చూసే రకం రామాంజినేయులు. బళ్లారిలో సిరుగుప్ప రోడ్డు మీద అతని షెడ్డు. ఒకప్పుడు దోణిమలై గనుల నుంచి ఖనిజం తోలే టిప్పర్లకు ఇనుప బాడీలన్నీ అక్కడే కట్టేవాళ్లు. లారీలు రోడ్డు పొడుగునా వరుస కట్టేవి. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీల పొట్లాలు గంపతో వచ్చేవి. సుత్తుల మోతలో మాట వినపడక పనివాళ్లు సైగలతోనే పోట్లాడుకునేవాళ్లు. ఆ రోజులు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. ఇప్పుడేముంది, కిటికీలకు గ్రిల్లులు, మేకల దొడ్డికి గేట్లు.

ఆ వైభవంలో సగం మౌనేష్‌ది. రేకు మీద కొలత గీత గీసేది రామాంజినేయులు, వెల్డింగు మౌనేష్. అతను పోయి ఆరేళ్లయింది. అతని కూతురు పుష్పావతి ఊళ్లోనే ఒక ఇంజనీరింగు కాలేజీలో పరిశోధన చేస్తోంది. మొన్న వేసవిలో ఒక డ్రాయింగు పట్టుకొచ్చి, రెక్క ఒకటి చేసి పెట్టమంది.

కాలేజీలో ఇనుప రేకులతో ఒక గది కట్టారట. పంపుసెట్ల స్టార్టర్లు, గని లారీల మీటర్లు పక్కన వైర్‌లెస్ సెట్టు మోగితే తిక్కతిక్కగా ఆడతాయో లేదో ఆ గదిలో పెట్టి చూస్తారట. తలుపు మూసి రేడియో తరంగాలు వదిలితే అవి గోడలకు కొట్టుకుని ఒక మూల ఎక్కువగా, ఒక మూల తక్కువగా పోగవుతాయి. అందుకని కప్పు కింద మడతల రెక్క ఒకటి మెల్లగా తిరుగుతూ వాటిని కలియబెట్టాలి. అది ఒక చుట్టు తిరిగేసరికి ఎనిమిది మూలలకూ సమానంగా అందాలి. పుష్పావతి ఆ గదిని ముందుగా కంప్యూటర్లో కట్టి, రెండేళ్లు లెక్కలు వేసి, రెక్క ఎట్లా ఉండాలో తేల్చింది. ఇదంతా చెప్తే రామాంజినేయులుకు సగం అర్థమైంది. మిగతా సగం మౌనేష్ కూతురు చెప్పింది కాబట్టి నమ్మేశాడు.

నమ్మాడు గానీ డ్రాయింగు చూశాక మనసొప్పలేదు. ఒక మడత తొంభై ఏడు డిగ్రీలు, ఒకటి అరవై నాలుగు, ఇంకొకటి నూట పద్దెనిమిది. ఏ రెండూ ఒకటి కావు. పిల్ల తొందరలో అంకెలు తప్పేసింది పాపం అనుకున్నాడు. అడిగితే చిన్నబుచ్చుకుంటుందని అడగలేదు. మూలమట్టం పెట్టి ప్రతి మడతనూ నిటారుగా, ఈ వైపూ ఆ వైపూ అద్దంలో చూసినట్టు వంచి పంపాడు. చాలా ఏళ్ల తర్వాత మంచి పని చేశానని ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాడు కూడా. రెక్క బిగించిన రోజు పుష్పావతి ఊళ్లో లేదు. వచ్చాక కొలిచి చూడనూ లేదు. రామాంజినేయులు పనిని బళ్లారిలో ఎవరూ కొలవరు.

ఒక గురువారం మధ్యాహ్నం ఆమె లాప్‌టాప్ సంచీతో షెడ్డుకు వచ్చి బల్ల మీద కూలబడింది. ఎనిమిది మూలల్లో మూడు కుదరడం లేదట. కంప్యూటరు కుదురుతుందని చెప్పింది, గది కుదరదంటోంది. సోమవారం ఆ గదిని పరీక్షించేందుకు బెంగళూరు నుంచి పెద్దలు వస్తారు. తన లెక్కే తప్పని వాళ్లకు రాసిచ్చి, పరిశోధన మానుకుంటానంది.

“నీ పనిలో తప్పు యాడుంటాది మామా. తప్పు నాదే.”

ఆ మాటకు రామాంజినేయులు తలెత్తి చూశాడు. అచ్చం మౌనేష్ గొంతే. ఇరవై ఏళ్ల కిందట దోణిమలై టిప్పరు ఒకటి మొదటి లోడు దించేటప్పుడే పక్కకు ఒరిగింది. బాడీ కీలు వేలెడు పక్కకు పడింది. యజమాని షెడ్డు ముందు నిలబడి అరుస్తుంటే మౌనేష్ ముందుకొచ్చి ఈ బండికి గీత నేనే గీశాను, తప్పు నాదే అన్నాడు. నెల రోజులు ఊరికే పనిచేసి సరిచేశాడు. ఆ తర్వాత అతని చేత ఎవరూ కొలతలు పట్టించలేదు. కీలుకు గీత గీసింది మాత్రం రామాంజినేయులు. అప్పుడు నోరు పెగల్లేదు. ఆ తర్వాత చెప్పేందుకు ముఖం చెల్లలేదు. మౌనేష్ ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు ఈ పిల్ల. ఈసారి కూడా నోరు మూసుకుంటే తాను మనిషే కాడనిపించింది.

“నీ లెక్క కాదు పాపా,” అన్నాడు. “నువ్వు వంకరగా గీసింటే, ఏదో తప్పు పడిందనుకొని నేనే నిటారు చేసినా.”

పుష్పావతి అరవలేదు. లాప్‌టాప్ తెరిచి, ఏ మడత ఎటు వంచాడో ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. లెక్క తేలేసరికి పొద్దు వాలింది. అంతసేపూ రామాంజినేయులు ఊడ్చిన షెడ్డునే ఊడ్చాడు. చివరికి ఆమె పిలిచి చూపించింది. ఆ నిటారు రెక్కను పెడితే కంప్యూటర్లోని గదిలోనూ అవే మూడు మూలలు కుదరలేదు. రెక్క రెండు వైపులా ఒకటే కావడంతో సగం చుట్టు తిరిగేసరికి మళ్లీ అదే ఆకారం వస్తోంది, మిగతా సగం తిరిగీ దండగే. గదిలో జరిగింది కంప్యూటరు ఉన్నదున్నట్టు చెప్పింది కాబట్టి లెక్క నిలబడినట్టేనని ఆమె నవ్వింది. వంకరది ఒకటి చేసిస్తే చాలంది.

రామాంజినేయులుకు నవ్వు రాలేదు.

“ఇంకొకటుండాది పాపా. దోణిమలై టిప్పరుది. ఆ గీత మీ నాయన గీయలే. నేను గీసినా.”

“తెలుసు మామా,” అంది పుష్పావతి. “నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు చెప్పినాడు. వాడంతట వాడు చెప్పేదాకా అడగొద్దు, చెప్పిన పొద్దు మాత్రం వాన్ని ఒంటిగా వదలొద్దు అన్నాడు.”

అరవై రెండేళ్ల మనిషి, రేకు ముక్కల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె పక్కనే కూర్చుంది.

వంకర రెక్క ఆదివారానికి తయారైంది. సోమవారం ఎనిమిది మూలలూ ఒప్పుకున్నాయి. పని ఏనాడో అయిపోయింది గానీ, పుష్పావతి ఇప్పటికీ కాలేజీ నుంచి షెడ్డు మీదుగానే ఇంటికి పోతోంది.