అట్టలో లేని అక్షరం

సినిమా అయిపోయింది. కొరాలి టీవీ ఆపి, గిలాన్ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఊళ్లో చూపించమంటారా, వద్దంటారా?"

గిలాన్ నా భర్త. నాలుగేళ్ల కిందట మెదడులో రక్తనాళం మూసుకుపోయింది. అప్పటినుంచి అతని ఒంట్లో కదిలేవి కళ్లే. అవి కూడా పైకీ కిందికీ మాత్రమే కదులుతాయి. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. ఎటూ చూడకుండా మన మొహంలోకి సూటిగా చూస్తూ ఉండిపోతే, చెప్పాల్సింది ఉంది, అక్షరాలు చదవమని అర్థం. వినడం, ఆలోచించడం, విసుక్కోవడం అన్నీ మునుపటిలాగే ఉన్నాయి. విసుక్కోవడం కాస్త పెరిగింది కూడా.

కొరాలి దక్షిణాన మార్సెయ్ నుంచి మా ఉత్తరపు రేవుకు వచ్చిన అమ్మాయి. ఏడాదిలో ఆరుసార్లు మా ఇంట్లో కెమెరా పెట్టి గిలాన్ మీద ఈ సినిమా తీసింది. గిలాన్ సరేనంటేనే సినిమా బయటికి పంపుతానని మొదటిరోజే మాటిచ్చింది. ఎల్లుండి శనివారం మా ఊరి హాల్లో మొదటి ఆట. రేవులో పనిచేసేవాళ్లు, గిలాన్ టైల్స్ వేసిన ఇళ్లవాళ్లు అందరూ వస్తారు. అతన్ని ఆ కుర్చీలో, గడ్డం కింద తువ్వాలుతో చూస్తారు. దానికి అతను ఒప్పుకుంటాడా? గంటంపావుసేపు నేను తెరను వదిలేసి అతని కళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఏమీ అంతుపట్టలేదు.

ఇప్పుడతను కొరాలి మొహంలోకి సూటిగా చూస్తున్నాడు.

"మాటలు కావాలట" అంది జోజియాన్. గిలాన్ చెల్లెలు. సినిమా చూడ్డానికని ఆపిల్ తీపిరొట్టె చేసుకుని వచ్చి, సగం తనే తినేసింది.

కొరాలి తన సంచిలోంచి అక్షరాల అట్ట తీసింది. చక్కటి అట్ట. మెరిసే ప్లాస్టిక్, మూడు రంగుల్లో మూడు వరుసలు. భాషలో ఎక్కువగా వాడే అక్షరాలు ముందు, తక్కువగా వాడేవి వెనక. ఆమె ఒక్కొక్కటీ చదివింది. గిలాన్ చూపు కదల్లేదు. మళ్లీ మొదటినుంచి చదివింది. చివరి అక్షరం దాటాక కూడా అతను ఆమెనే చూస్తున్నాడు.

"అలసిపోయారేమో మేడమ్" అంది నాతో.

గిలాన్ చూపు కిందికి దిగింది. కాదు.

"సినిమా నచ్చలేదా? చూపించొద్దా?"

కిందికి.

"అయితే చూపించమంటారా?"

మళ్లీ కిందికే.

"చూపించమనీ కాదు, వద్దనీ కాదు. మరేంటన్నయ్యా?" అని జోజియాన్ కుర్చీ దగ్గరికి జరిగింది. "పొట్ట బాగా కనిపిస్తోందనా? అది ముందునుంచీ ఉన్నదేగా! నేను మాట్లాడిన ముక్క తీసెయ్యమంటావా? తీసేస్తే ఊరుకోను, దానికోసం జుట్టు సెట్ చేయించుకున్నాను."

అతని చూపు పైకీ వెళ్లలేదు, కిందికీ దిగలేదు.

కొరాలి మొహం వాడిపోయింది. "చెప్పడానికి మొహమాటపడుతున్నారేమో" అంది. మొహమాటం మా ఆయనకు ఏనాడూ లేదు. వంకరగా వేసిన టైల్స్ కనిపిస్తే పెళ్లివిందులో కూడా ఆ ఇంటాయన్ని పిలిచి చూపించేవాడు.

నేను అట్ట అందుకుని చూశాను. అక్షరాలు లెక్కపెట్టాను. ఇరవై ఆరుకు ఇరవై నాలుగే ఉన్నాయి.

"కె ఏది? డబ్ల్యూ ఏది?"

"తీసేశాను మేడమ్. ఒక్కో మాటకు ఎంతసేపు పడుతోందో చూశారుగా. మన భాషలో డబ్ల్యూతో ఏమున్నాయి? అన్నీ పరాయి మాటలేగా."

"పరాయి మాటలా?" జోజియాన్ చెంచా కింద పెట్టింది. "మా ఊరి శ్మశానానికి రా అమ్మాయ్. ఒక వరుస వరుసంతా డబ్ల్యూతో మొదలయ్యే ఇంటిపేర్లవాళ్లే పడుకుని ఉన్నారు."

నాకు అట్ట అవసరం లేదు. అక్షరాల వరుస నోటికే వచ్చు. గిలాన్ ఎదురుగా కూర్చుని చదివాను. ఇరవై నాలుగు అయ్యాయి. కె అన్నాను. డబ్ల్యూ అన్నాను.

చూపు టక్కున పైకి వెళ్లింది.

"విస్కీ!" అని అరిచింది జోజియాన్. "విస్కీకి మొదటి అక్షరం అదేగా. మందు అడుగుతున్నాడు."

కిందికి. ఆ కిందికి చూడడంలో పళ్లు కొరికినంత కోపం ఉంది. సగం మాట వినగానే మిగతా సగం మనం చెప్పేస్తే అతనికి ఒళ్లు మంట. నేను ఆ పని చేయను. మళ్లీ మొదలుపెట్టాను. రెండోది ఎ. మూడోది ఎస్. నాలుగో అక్షరానికి వచ్చేసరికి జోజియాన్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"వాసెంగ్" అన్నాను.

పైకి.

"అదేంటి?" అంది కొరాలి.

"నేల తుడిచే గుడ్డమ్మా" అంది జోజియాన్. "మీ వైపు దానికేదో నాజూకు పేరు ఉంటుందిలే. పేరు నాజూగ్గా ఉంటే నేల శుభ్రపడదు."

నేల గుడ్డ గురించి అతనికేం కావాలి? నాకైతే నవ్వొచ్చింది, వెంటనే కుతూహలం పట్టుకుంది. సినిమాలో గుడ్డ కనిపించినట్టే గుర్తులేదు. చదవడం కొనసాగించాను. పావుగంట పట్టింది. వచ్చిన మాట ఇంతే: మనది కాదు.

"వాసెంగ్ మనది కాదు" అని జోజియాన్ పైకే కలిపి చదివింది. "అన్నయ్యా, గుడ్డ ఎవరిదైతే ఏంటి?"

కొరాలి మాత్రం నవ్వలేదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. లేచి టీవీ పెట్టి, సినిమాను వెనక్కి జరిపింది. పొద్దుటి దృశ్యం. కిటికీ దగ్గర గిలాన్ మొహం, బయట సముద్రం. అతనికి మిగిలిన లోకం చెవుల్లోంచే వస్తుందనీ, తన ఇంటి చప్పుళ్లలోనే అతను బతుకుతున్నాడనీ కొరాలి గొంతు చెబుతూ ఉంటుంది. వెనకనుంచి, మనిషి కనబడకుండా, ఎవరో నేల తుడుస్తున్న చప్పుడు.

"ఆ రోజు రికార్డులో కిటికీ గాలి హోరు మరీ ఎక్కువగా పడింది మేడమ్" అంది కొరాలి మెల్లిగా. "చప్పుడు పనికిరాలేదు. మా సౌండ్ చూసే అతను తన వంటింట్లో తుడిచి, రికార్డు చేసి పెట్టాడు. అతనిది చెక్క నేల. ఎవరికీ తెలియదనుకున్నాం."

ముప్పై ఒక్క ఏళ్లు టైల్స్ మేస్త్రిగా చేసిన మనిషి గిలాన్. వేసిన నేలను తాపీ పిడితో తట్టి, ఏ పలక కింద సిమెంటు అందలేదో చెప్పేవాడు. ఈ గదిలో పలకలు తన చేత్తో వేసినవే. నాకూ ఆ దృశ్యంలో ఆ చప్పుడు వినిపించింది. నాకేమీ అనిపించలేదు, రోజూ తుడిచేది నేనే అయినా.

"మన నేల చప్పుడు పెడితే ఒప్పుకుంటావా?" అని అడిగాను.

చూపు పైకి వెళ్లింది. తొందరపడకుండా, నిదానంగా.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి కొరాలి మైకు పట్టుకుని వచ్చింది. కిటికీ గట్టిగా బిగించింది. ఫ్రిజ్ ఆపింది. జోజియాన్‌ను రావద్దన్నాం, అయినా వచ్చింది. నేను బకెట్ తెచ్చి, గుడ్డ ముంచి పిండి, చీపురు కర్రకు చుట్టి మొదలుపెట్టాను. తలుపు దగ్గరనుంచి బల్ల కిందికి, బల్ల కిందనుంచి కుర్చీ దాకా. అయ్యాక అందరం గిలాన్‌ను చూశాం.

కిందికి.

"నాకు బాగానే వినిపించిందే!" అంది కొరాలి.

గుడ్డ మరీ పిండేశానేమో అనుకున్నాను. తడిగా ఉంచి మళ్లీ తుడిచాను. కిందికి. కుర్చీలు ఎత్తకుండా, రోజూలాగే లాగుతూ తుడిచాను. కిందికే.

"గిలాన్, నడుం పట్టేస్తోంది. నువ్వు నీ కూలీలను కూడా ఇలాగే ఏడిపించేవాడివా?"

పైకి. జోజియాన్ పగలబడి నవ్వింది.

నాకు కోపం పోయి, తెలుసుకోవాలన్న పట్టుదల వచ్చింది. ముప్పై ఏళ్లుగా రోజూ చేస్తున్న పని. అందులో నాకు తెలియకుండా నేను చేసేది ఏముంది? చెయ్యి తుడుచుకుని అతని ఎదురుగా కూర్చున్నాను.

"ఏం తప్పిపోయింది? చెప్పు."

అక్షరాలు చదివాను. టి. యు. అంటే నువ్వు. ఆ తర్వాతవి మెల్లిగా, ఒక్కొక్కటే. మాట పూర్తయింది. నువ్వు మాట్లాడతావు.

"నేనా? నేల తుడిచేటప్పుడా? ఎవరితో?"

"నేలతో" అంది జోజియాన్. "గుడ్డతో, బకెట్‌తో, ఊళ్లోవాళ్లందరితో. నీకు తెలియదా వదినా? నేను తలుపు బయట నిలబడి విని, నీ మూడ్ చూసుకుని లోపలికి వస్తాను."

నిజంగానే నాకు తెలియదు. నా నోరు కదులుతోందని నలభై తొమ్మిదేళ్ల వయసులో మరొకరు చెబితే తెలుసుకోవడం వింతగా అనిపించింది. ఏం మాట్లాడతానో గుర్తు చేసుకుందామంటే ఒక్కటీ తట్టలేదు.

మళ్లీ మొదలుపెట్టాను. "ఇదుగో, తుడుస్తున్నాను. నేల మురికిగా ఉంది" అన్నాను, బడిలో పద్యం అప్పజెప్పినట్టు. కొరాలి కూడా తల అడ్డంగా ఊపింది. గిలాన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

"ఊరుకోండి, ఇక నావల్ల కాదు" అని బల్ల కిందికి వంగాను. అక్కడ జోజియాన్ కూర్చున్న చోట ఇసుక కనిపించింది. "చూడు, రేవులో ఉన్న ఇసుకంతా బూట్లలో నింపుకుని వస్తుంది మహాతల్లి. గుమ్మం దగ్గర చాప వేసింది ఎవరికోసం, పిల్లి కోసమా? ఈ ముక్కలేంటి? నిన్నటి రొట్టె. తినేటప్పుడు నోరు మూసుకుంటే కదా. ఆ బేకరీ లియోంటీన్ రొట్టె అయితే ఇలా రాలదు, దాని రొట్టెను సుత్తితో కొట్టినా ముక్క రాదు. పైగా మొన్న జాలిపడుతూ అడుగుతుంది, మీ ఆయనకు అన్నీ అర్థమవుతాయా అని. అవుతాయమ్మా, నీ దొంగ తూకాలతో సహా. కాలు తియ్యి గిలాన్... అదేలే, కుర్చీ జరుపుతున్నాను, ఉండు." కుర్చీ జరిపి, దాని కింద తుడిచి, గుడ్డను బకెట్లో పడేసి నడుం నిటారుగా చేశాను. అప్పుడు మైకు కనిపించింది.

గిలాన్ చూపు పైన ఉంది. ఎప్పటినుంచి ఉందో.

"దొరికింది" అని గుసగుసలాడింది కొరాలి.

"ఆగమ్మా. మాటలు కూడా పెడతావా ఏంటి?"

"మాటలు లేకుండా ఎలా మేడమ్? ఆయన అడిగిందే అది."

"లియోంటీన్ మొదటి వరుసలోనే కూర్చుంటుంది" అంది జోజియాన్, కళ్లు మెరిపిస్తూ. "నన్ను మహాతల్లి అన్నది మాత్రం ఉంచండి. ఎవరి గురించో ఊరంతా ఊహించుకోనీ."

నేను గిలాన్ ముందుకు వెళ్లి వంగాను. "ఆ రొట్టె మాట ఒక్కటి తీసేద్దాం. తూకాల మాట కూడా. రోజూ దాని దుకాణానికి వెళ్లాల్సింది నేను కదా. తీసేసి చూపిద్దామా?"

కిందికి.

"నిన్ను ఊరంతా చూస్తుంది, తెలుసుగా? తువ్వాలుతో, చొంగతో."

పైకి.

"నేను తిట్టింది కూడా ఊరంతా వింటుంది."

పైకి. ఆ పైకి చూడడంలో నవ్వు ఉంది. నవ్వడానికి ఇంకేం కదలకపోయినా నాకది తెలుస్తుంది.

"తీసేస్తే చూపించొద్దంటావు."

పైకి.

కొరాలి మైకు దించలేదు, నా మొహమే చూస్తోంది. చేతులకున్న తడి ఏప్రనుకు తుడుచుకున్నాను.

"సరే, ఉండనీ" అన్నాను. "రేపటినుంచి రొట్టె నువ్వు తెచ్చిపెట్టు జోజియాన్."