వెలుతురు దూరని మూల

ఉదయపు ఎండకు ఎదురుగా రెండు చెక్కముక్కలు.

మూల దగ్గర కలుస్తాయి. కలిసిన చోట గీత కూడా కనిపించదు.

అన్న ఒక కన్ను మూసి చూసేవాడు. చాలాసేపు చూసేవాడు. కనుబొమల మీద రంపపు పొట్టు, మీసాల మీద రంపపు పొట్టు...

“వెలుతురు దూరకూడదురా రంగా. దూరిందంటే అది అతుకు కాదు.”

సామ్ తమ్ముడికి నేర్పిన పాఠమంతా అంతే.

ఆ పాఠం మీదే రంగస్వామి ఇన్నేళ్లు బతికాడు. జేకబ్స్ పేటలో అద్దాల ఫ్రేములూ అలమరాలూ చేసే ఫ్యాక్టరీ. కాలితో తొక్కితే కత్తి దిగుతుంది... నలభై అయిదు డిగ్రీలు. మళ్లీ తొక్కితే మళ్లీ నలభై అయిదు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అవే కోతలు. కత్తికి అలుపు లేదు. అలుపంతా మోకాలికే.

ఎండకు ఎత్తి చూసేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

ఈ ఏడు తెల్లవాళ్ల రాజ్యం పోయి దేశం మారిందన్నారు. ఏప్రిల్‌లో అతనూ వెళ్లి ఓటు వరుసలో నిలబడ్డాడు. వెనక భార్య మోరీన్, ఆమె వెనక వదిన మేవిస్. పొద్దెక్కింది, పొద్దు వాలింది, వరుస మాత్రం జరగలేదు. ముందున్న జూలూ ముసలావిడ తాను తెచ్చుకున్న స్టూలు వదినకిచ్చి, తాను నేల మీద కూర్చుంది. లోపల అందరి చేతులూ నీలి దీపం కింద పెట్టించి చూశారు. కంటికి కనపడని సిరా పూశారు. బయటికొచ్చాక జనం పాడారు, ఏడ్చారు. రంగస్వామికీ ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చిందో, కాళ్లు పీకి వచ్చిందో అతనికే తెలియలేదు.

సామ్ ఆ రోజు చూడలేదు. అంతకుముందు చలికాలంలోనే పోయాడు.

అన్నదమ్ముల మధ్య ఒక మాట ఉండిపోయింది.

ఎప్పటి మాటో... క్లెయిర్‌వుడ్ ఖాళీ చేసి చాట్స్‌వర్త్ వెళ్లమని ఇండియన్లకు తెల్ల సర్కారు తాఖీదు వచ్చినప్పటిది. రంగస్వామి సామాను సర్దుకున్నాడు. సామ్ సర్దలేదు. “ఆళ్లు తొయ్యకముందే నువ్వు నడిచెల్లిపోతన్నావు” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఆ తర్వాత పెళ్లిళ్లలో కలిశారు, చావుల్లో కలిశారు. తమ్ముడి ఇంటి గుమ్మం మాత్రం సామ్ ఎన్నడూ తొక్కలేదు.

అక్కడే ఉండిపోయాడు. చెక్కలూ రేకులూ కలిపి తండ్రి కట్టిన ఇంట్లో. కూరతోటలు పోయాయి, వాటి చోట లారీ యార్డులు వచ్చాయి. యార్డులవాళ్లు మట్టి పోసి మెరక చేసుకున్నారు. నీళ్లన్నీ సామ్ పెరట్లోకి వచ్చాయి. ప్రతి వానకూ వచ్చాయి...

ఒంటరి ఆడది ఆ నీళ్లలో ఎన్నాళ్లుంటుంది? మే నెలలో మేవిస్ వచ్చేసింది. బక్కీ ట్రక్కు వెనక గిన్నెలు, ఒక ట్రంకు పెట్టె, ఇత్తడి దీపం. దుప్పట్లో చుట్టిన మూడు దూలాలు — రెండు నిలువు, ఒకటి అడ్డం.

“దేవుడి దీపాల గది గుమ్మం ఇది. మీ అన్న చేసిందే,” అంది. “గడప తేలేదు. గడపని నేల తినేసింది.”

రంగస్వామి దుప్పటి విప్పాడు. నల్లబడిన కియాట్ చెక్క. పసుపు ఇంకి ఇంకి అంచులు ఎర్రబారాయి. పై మూలల్లో ఏటవాలుగా మైటర్ కోతలు, చిత్రిక పట్టినంత నున్నగా.

“దీన్ని నిలబెట్టు రంగా. నిలబడితే ఇక్కడే దీపం ఎలిగిత్తాను. లేపోతే ఊరవతల ఒట్టావా పేటలో మా చెల్లి కాడికి ఎల్లిపోతాను.”

కోపంగా అనలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

రంగస్వామి తలూపాడు. వదిన వెళ్లిపోతే అన్న మళ్లీ వెళ్లిపోయినట్టే. ఈసారి తన గుమ్మంలోంచి... ఆ ఆలోచనకే అతని ప్రాణం ఉసూరుమంది.

వెనక వరండా మూసి ఆమెకు గది కట్టాడు. శనివారాలు, ఆదివారాలు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సాయంత్రాలు. దీపానికి గోడలో ఒక చిన్న అర, అర ముందు అడ్డగోడలో గుమ్మానికి ఖాళీ. గుమ్మం కన్నా కాస్త వెడల్పుగానే వదిలాడు. దీపం ఆ అరలో ఉంది. ఒత్తి లేకుండా, నూనె లేకుండా ఉంది.

ఒక శనివారం గుమ్మం నిలబెట్టాడు. రసమట్టం పెట్టాడు, బుడగ నడుమకు వచ్చింది. మూలమట్టం పెట్టాడు, తిన్నగా కూర్చుంది. వెనక్కి జరిగి చూశాడు.

వెలుతురు.

రెండు మూలల్లోనూ వెలుతురు. గోరు దూరేంత సందు, అందులోంచి సాయంత్రపు ఎండ సన్నగా, పచ్చగా...

సామ్ చేసిన అతుకులో.

సిగ్గేసింది. అన్న తరఫున సిగ్గేసింది. ఆ సిగ్గు అడుగున ఇంకోటి కదిలింది — సంతోషం. చిన్నది, చెడ్డది. అంత చెయ్యి తిరిగినవాడికీ చివరికి చెయ్యి తప్పిందన్నమాట. ఆ సంతోషం తనదేనని ఒప్పుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

మోరీన్ టీ తెచ్చింది. గుమ్మాన్ని చూసింది.

“పుట్టీ కొట్టెయ్ మ్యాన్. పైన పెయింట్ వేస్తే ఎవరు చూస్తారు?”

“హైకోనా. పుట్టీ వద్దు.”

“అయితే ఏం చేస్తావ్?”

ఏం చేస్తాడో అతనికీ తెలియదు. మెట్టు మీద కూలబడి టీ తాగాడు. మోకాలు సలుపుతోంది. లేవబుద్ధి కాలేదు. లేవలేక అలా చూస్తూ ఉండిపోయాడు.

చూడగా చూడగా కనిపించింది.

ఎడమ మూల బయటి అంచున తెరుచుకుంది.

కుడి మూల లోపలి అంచున తెరుచుకుంది.

చెయ్యి తప్పితే రెండూ ఒకే కొలతన తప్పవు. తప్పినా ఇంత సరిగ్గా, ఒకదానికొకటి ఎదురుగా తప్పవు...

“వదినా... ఇల్లు ఒరిగిందా? కుడివైపు?”

మేవిస్ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

“ఒరక్కేంటి? కాలవ వేపు ఒరిగిపోనాది. పాత గుమ్మం ఇరిగిపోతే ఇది చేశాడు. తిన్నగా చెయ్యరాదా అన్నాను. ఇల్లే తిన్నగా నేదు, గుమ్మం ఒక్కటీ తిన్నగుండి ఏం చేత్తదే అన్నాడు.”

రంగస్వామి గ్లాసు కింద పెట్టాడు.

సామ్ వంకరను కొలిచాడు. కొలిచి, రెండుగా పంచాడు. పైకొయ్యకు సగం, నిలువుకొయ్యకు సగం. ఆ ఒరిగిన ఇంట్లో, ఆ నీళ్ల మధ్య, వెలుతురు దూరకుండా మూల కలిపాడు. ఇక్కడ చాట్స్‌వర్త్‌లో, తిన్నని గోడ మధ్య నిలబెట్టేసరికి అది నోరు తెరిచింది.

అన్న చెయ్యి తప్పలేదు. తప్పాలని కోరుకున్నది తను.

మళ్లీ కోస్తే సరిపోతుంది. సోమవారం ఫ్యాక్టరీకి పట్టుకెళ్లి ఒక్క తొక్కు తొక్కితే చాలు... నలభై అయిదు. మూల మూసుకుంటుంది. అన్న కోత పొట్టయి కింద రాలుతుంది. సాయంత్రం ఎవరో ఊడ్చేస్తారు.

లేచాడు. మేకులు వదులు చేశాడు. రసమట్టం తీసి మెట్టు మీద పెట్టాడు. గుమ్మానికి భుజం ఆనించి, పై కొసను కుడికి తోశాడు. కొంచెం. ఇంకొంచెం.

“ఏం చేస్తున్నావ్?” మోరీన్ వాకిట్లోంచి అరిచింది. “వడ్రంగి ఇంట్లో వంకర గుమ్మమా? నలుగురూ చూస్తే నవ్విపోతారు!”

అతను జీవితంలో ఒక్కటంటే ఒక్కటి ఒరిగేలా నిలబెట్టలేదు. ఇప్పుడు నిలబెడుతున్నాడు. ఊపిరి బిగబట్టి తోశాడు.

చిన్న చప్పుడు.

రెండు మూలలూ ఒక్కసారే మూసుకున్నాయి.

నిజంగా మూసుకున్నాయా? ఎండ దిగిపోయింది. గదిలో ఏమీ కనపడటం లేదు. భుజం తీస్తే గుమ్మం వెనక్కి వచ్చేస్తుంది. సందుల్లో కొట్టి బిగించే చెక్కచీలికలు జేబులో ఉన్నాయి, ఎక్కడ కొట్టాలో చూడాలంటే వెలుగు కావాలి. పనిలో ఉన్నవాడు అడిగినట్టే అడిగాడు:

“వదినా, అటువైపు నుంచి దీపం చూపించు.”

అన్నాక గాని తనేం అడిగాడో తెలియలేదు.

చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది.

పళ్లెం కింద పెట్టిన చప్పుడు. తర్వాత పక్కనుంచి చీర కొంగు రాసుకుంటూ వెళ్లింది. ట్రంకు పెట్టెలో ఒత్తి వెతికిన చప్పుడు, నూనె సీసా మూత తీసిన చప్పుడు. అగ్గిపుల్ల గీసిన వాసన...

గుమ్మం అవతల దీపం వెలిగింది.

రంగస్వామి ఒక కన్ను మూశాడు. ఎడమ మూల చూశాడు. లేదు. కుడి మూల చూశాడు. లేదు. అతుకు ఎక్కడుందో గీత కూడా కనిపించలేదు. కన్ను చెమ్మగిల్లింది, అయినా చూస్తూనే ఉన్నాడు.

మూలల్లో లేదు గాని... పక్కల్లో ఉంది. తిన్నగా ఉన్న గోడకూ ఒరిగిన గుమ్మానికీ మధ్య, ఎడమవైపు పైన, కుడివైపు కింద. పొడుగ్గా, బారెడు వెలుతురు. వచ్చి అతని పాదాల మీద పడుతోంది.

“రంగా,” అవతల నుంచి మేవిస్ అడిగింది. “ఎలుతురు వత్తందా?”

జేబులో చీలికలున్నాయి, కొట్టేస్తే పని అయిపోతుంది.

భుజం తియ్యలేదు. అన్నలాగే ఒక కన్ను మూసుకుని, దీపానికి ఎదురుగా... చూస్తూ ఉన్నాడు.