అడిగినవాళ్ల కోసం చేసిన రొట్టెలు

జొన్నరొట్టె చేయడం మంజులకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. రొట్టె అమ్మడం నేర్పడానికి మాత్రం దారిన పోయే ప్రతివాళ్లూ సిద్ధంగా ఉన్నారు. చేవెళ్ల రోడ్డు మీద, హిమాయత్‌నగర్ ఊరి మలుపు దగ్గర ఆమె దుకాణం. దుకాణమంటే ఒక షట్టరు, లోపల కట్టెల పొయ్యి, రొట్టెలు కాల్చే రెండు పెంకలు, బయట నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. మొన్న ఉగాది దాకా రోడ్డు పక్కనే టార్పాలిన్ కట్టుకుని చేసేది. రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి ఆ జాగా కాస్తా తవ్వి పోసేశారు. ఇక షట్టరు తప్ప గతి లేకపోయింది.

షట్టరు నర్సింహది. ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి, ఎన్నికలొస్తే ఆయన వాకిట్లో చెప్పులు విడవడానికి చోటుండదు. మొహం చూసి తక్కువ కిరాయికే ఇచ్చాడు. కానీ అల్లుడు రంజిత్ కన్ను దాని మీద పడింది. బిర్యానీ పాయింటు పెడతానని మామ చెవిలో జోరీగలా ఒకటే రొద. విని విని నర్సింహ ఒకరోజు దుకాణం ముందు బండి ఆపాడు.

"చూడు మంజులా, నేను అన్యాయం జేసేటోణ్ని గాదు. ఆదివారం పొద్దుగాల వచ్చి కూసుంట. దుకాణం ముంగట మంది కనవడాలె. కనవడితే జాగ నీదే, అల్లుడు ఎంత మొత్తుకున్నా ఇయ్య. లేకపోతే సోమారం తాళంచెయ్యి నా చేతుల పెట్టు."

"మందికేం తక్కువన్నా, రోజూ వస్తనే ఉన్నరు గదా!" అంది మంజుల.

ఆమె అన్నది అబద్ధం కాదు. రోజూ పొద్దున్నే డ్రైవరు తిరుపతి ఆటో, దాని వెనకే ఇంకో ఆటో, పూలతోటలకు కూలికి పోయే ఆడవాళ్లను కుక్కుకుని వచ్చి అక్కడ ఆగుతాయి. తిరుపతి హారన్ కొట్టగానే అందరికంటే ముందు సత్తెమ్మ దిగుతుంది. ఒకరు కుండలో నీళ్లు ముంచుకుంటారు, ఇద్దరు మెట్టు మీద చతికిలబడతారు, తక్కినవాళ్లు మధ్యాహ్నం సద్దికి రొట్టెలూ ఎల్లిపాయ కారమూ మూట కట్టుకుంటూ లోకం మీద ఉన్న చాడీలన్నీ చెప్పుకుంటారు. రొట్టెలున్నాయా అని ఒక్కరూ అడగరు. చెయ్యి చాస్తారు, మంజుల పెడుతుంది. ఒకప్పుడు ఆమె కూడా ఆ ఆటోలోనే సత్తెమ్మ పక్కన ఇరుక్కుని బంతిపూలు కోయడానికి పోయిన మనిషే.

అయినా భయం భయమే. అందుకే ఆ సాయంత్రం వంశీకృష్ణ కారు దిగగానే ఆమె తన గోడు వెళ్లబోసుకుంది. మోకిలలో కొత్తగా కట్టిన విల్లాల్లో ఉంటాడతను. తల్లి వీరలక్ష్మికి షుగరు. డాక్టరు జొన్నరొట్టె తినమన్నాడని వారానికోసారి తీసుకొచ్చేవాడు. కంపెనీలో అతని ఉద్యోగమే మార్కెటింగట. మంచివాడు. పైసా అడగకుండా సాయం చేస్తానన్నాడు. చెడ్డవాడైతే బాగుండేదని, తిట్టుకోవడానికి ఒక మనిషైనా మిగిలేవాడని మంజుల తరవాత చాలాసార్లు అనుకుంది.

"ముందు ఒకటి చెప్పండి. మీ టార్గెట్ ఆడియన్స్ ఎవరు?" అన్నాడు కుర్చీ లాక్కుని.

"అంటే ఏంది సారూ?"

"అంటే, మీరు ఎవరికి అమ్మాలనుకుంటున్నారు?"

"ఆకలైనోళ్లకు."

వీరలక్ష్మి ఫక్కున నవ్వింది. కొడుకు నవ్వలేదు. చంటిపిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "ఆకలి అందరికీ వేస్తుందండి. శనాదివారాలు సిటీ నుంచి ఫాంహౌసులకు కార్లలో వస్తారు చూడండి, వాళ్లు. మా అమ్మలా షుగరున్నవాళ్లు. వాళ్లండీ మీ టార్గెట్."

"మరి ఆటోల వచ్చేటోళ్లు?"

"వాళ్లెలాగూ వస్తారు కదా! కానీ టార్గెట్ వాళ్లు కాదు. ఆదివారం మాత్రం ముందర కాస్త ఖాళీగా ఉంచండి, కార్లు ఆగడానికి చోటుండాలి."

మంజుల తల ఊపింది. అర్థమై ఊపలేదు. చదువుకున్న మనిషి అంత ప్రేమగా చెబుతుంటే ఊపకుండా ఎలా ఉంటుంది? అతను ఆమె చేతులు పిండి తట్టడం ఫోనులో వీడియో తీశాడు. చేవెళ్ల రోడ్డు రొట్టె అని పేరు పెట్టాడు. పేరు ఒక్కటే కాదు, జనం మనసులో పడే ముద్రంతా కలిపి బ్రాండ్ అంటారన్నాడు. ఎంతమంది కళ్లబడ్డామో అది రీచ్ అన్నాడు. ఆమె ఒక్కో మాటా నోట్లో తిప్పుకుంటూ కూర్చుంది.

"చూసినవాళ్లలో కొందరు మీకు మెసేజ్ పెట్టి అడుగుతారు. వాళ్లను లీడ్స్ అంటారు."

"చూసుడు వేరు, అడుగుడు వేరు. అంతేగదా సారూ?"

"అంతే! పట్టేశారు మీరు. ఇంకోటి ఉంది, కన్వర్షన్ అని. అసలు సంగతంతా అందులోనే..." అంటుండగా అతని ఫోను మోగింది. ఆఫీసు మీటింగు. మిగతాది తరవాత చెబుతానని సైగ చేస్తూ కారెక్కేశాడు.

లీడ్స్ అన్న ఆ ఒక్క మాటైనా తనకు బాగా తెలిసిందని మంజుల పొంగిపోయింది. తెలియకేం! హిమాయత్‌నగర్‌లో ఒక ఆడమనిషి ఇంకొకామెను రేపు రొట్టెలుంటాయా అని అడిగిందంటే, మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి వెలగదని అర్థం. జ్వరమో, పురుడో, చావో ఏదో వచ్చి ఉంటుంది. ఎందుకని ఎదురు అడగరు. ఉంటయి అన్నాక చేసి పెట్టాల్సిందే, అడిగినవాళ్లు వచ్చి తీసుకోవాల్సిందే. అక్కడ అడగడమంటే మాట ఇచ్చుకోవడం. మంజుల పుట్టి బుద్ధెరిగాక ఆ మాట తప్పినవాళ్లను చూడలేదు.

వీడియో జనంలోకి పోయింది. శుక్రవారం నుంచి ఫోను మోగుతూనే ఉంది. ఆదివారం ఉంటాయా అని ఒకరు, ఎంతమందికైనా చేస్తారా అని ఒకరు, లొకేషన్ పంపండని ఇంకొకరు. మంజుల పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, ప్రతివాళ్లకూ గొంతుతోనే జవాబు పంపింది. "ఉంటయమ్మా, తప్పకుండ రాండ్రి. మీ అందరికి జేస్త." లెక్కపెడితే డెబ్బై మంది దాకా తేలారు. ఆమెకు డెబ్బై ఇళ్లు, డెబ్బై ఆరిన పొయ్యిలు కళ్లముందు కదిలాయి. ఇంతమందికి ఏమొచ్చిందో పాపం అనుకుంది.

రెండు పెంకల మీద అందరికీ ఎట్లా అవుతుంది? శనివారం పొద్దున ఆటో ఆగగానే సత్తెమ్మను పక్కకు పిలిచింది.

"అక్కా, రేపొక్క దినం జర మీరు ఆగకుండ్రి. కార్లోళ్లు వస్తున్నరు. చేతులు సాలయి, ముంగట జాగ గుడ ఉండాలె. దుకాణం నిలవడాలంటే ఇదొక్కటే తొవ్వ."

సత్తెమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. "గట్లనే తియ్యి. మా ఫికర్ జెయ్యకు. నీ దుకాణం మంచిగుండాలె" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. లేనందుకే మంజులకు ఏదో గుచ్చుకున్నట్టయింది. కానీ ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఆదివారం కోడి కూయకముందే పొయ్యి అంటించింది. ఫాంహౌసులో రాత్రి కాపలా చేసి వచ్చిన భర్త మల్లేశ్ నిద్ర మానుకుని కట్టెలు అందించాడు. ఉడుకునీళ్లు పోసి పిండి కలపడం, తట్టడం, పెంక మీద వేసి తడిగుడ్డతో తుడవడం, తిప్పడం, తీయడం. తెల్లారేసరికి గంప నిండింది. మెట్లు కడిగి, కుర్చీలు తుడిచి, ముందర కార్లకు చోటు వదిలి నిలబడింది.

తిరుపతి ఆటో వచ్చింది. అలవాటు కొద్దీ మలుపులో నెమ్మదించింది. వెనక నుంచి ఎవరో ఏదో అన్నట్టున్నారు, హారన్ కొట్టకుండానే సాగిపోయింది. రెండోది కూడా అంతే.

కార్లు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే చేవెళ్ల వైపు పోయాయి. ఒక్కటి ఆగింది. అందులోంచి దిగిన అమ్మాయి రొట్టె చేస్తున్నట్టు నిలబడమని మంజులను ఫొటో తీసుకుని, తాము తిని వచ్చామని చెప్పి వెళ్లిపోయింది. ఎండ మెట్టు మీదికి వచ్చింది. గంపలో రొట్టెలు అంచులు బిగుసుకోవడం మొదలైంది. మంజుల ఉండబట్టలేక అడిగినవాళ్లలో ఒకామెకు ఫోను చేసింది.

"అమ్మా, రొట్టెలు అయినయి. మీ ఇంట్ల అందరు మంచిగున్నరు గదా?"

"ఎవరండీ? ఓ, ఆ రొట్టెలా? ఊరికే అడిగానండీ, ఎప్పుడైనా అటు వస్తే చూస్తాను" అంది అవతలి గొంతు, మర్యాదగానే.

ఊరికే అడగడం అనే పని ఒకటి లోకంలో ఉందని మంజులకు ఆ రోజే తెలిసింది. ఇంకో నలుగురికి చేసింది. ఇద్దరు ఎత్తలేదు. తక్కిన ఇద్దరూ అదే మాట. ఆ తరవాత ఆమె ఫోను పొయ్యి గట్టు మీద బోర్లించి పెట్టింది.

అప్పుడే నర్సింహ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు కూడా. పాపం, మనిషి న్యాయంగానే చూశాడు. ఖాళీ కుర్చీలు చూశాడు, నిండు గంప చూశాడు.

"రోజూ ఆటోలు ఆగుతయంటివి గదా మంజులా. ఏవి మరి?"

వాళ్లను తానే రావద్దన్నానని ఎట్లా చెబుతుంది? చెప్పింది. చెబుతుంటే తన మాటలు తనకే పిచ్చిదాని మాటల్లా వినిపించాయి. నర్సింహ విని, తల అడ్డంగా ఊపి లేచాడు. "మాటంటే మాటే. రేపు మాపటికి తాళంచెయ్యి పంపియ్యి" అన్నాడు. బండి స్టార్టు చేశాక ఒకసారి వెనక్కి చూశాడు గానీ ఆగలేదు.

మధ్యాహ్నం వంశీకృష్ణ వచ్చాడు. సంగతి విని అతని మొహం నల్లబడింది. "అయ్యో, లీడ్స్‌లో వందకు ఇద్దరో ముగ్గురో కొంటారండీ. అదే కన్వర్షన్ అంటే. ఆ రోజు చెప్పలేకపోయాను. సారీ అండీ, నిజంగా..." గంపలోంచి చేతులకు పట్టినన్ని రొట్టెలు కొన్నాడు. షుగరున్న తల్లి ఒక్కతే ఎన్ని తింటుంది?

"సారూ, ఒకటడుగుత. రోజూ వచ్చి, వచ్చి, ఇగ రాకుండ పోయినోళ్లను మీ దాంట్ల ఏమంటరు?"

అతను చెప్పాలా వద్దా అన్నట్టు చూశాడు. "చర్న్ అంటారండి" అన్నాడు మెల్లగా.

దానికి కూడా ఒక పేరుందన్నమాట. అంటే ఇట్లా పోగొట్టుకున్నవాళ్లు తనకంటే ముందు చాలామందే ఉండి ఉంటారు. ఆ ఆలోచన ఆమెకు ఏ ఓదార్పూ ఇవ్వలేదు.

సోమవారం పొద్దున మంజుల పొయ్యి వెలిగించలేదు. పెంకలు తోమి, గోనెసంచిలో వేసి, షట్టరు సగం దించి మెట్టు మీద కూర్చుంది. తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఇక రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టుకుందామన్నా జాగా లేదు.

తిరుపతి ఆటో మలుపు తిరిగింది. ఈసారి ఆగింది. కానీ ఎవరూ దిగలేదు, అందరి ఒళ్లోనూ ఇంటి నుంచి తెచ్చుకున్న సద్దిగిన్నెలున్నాయి. సత్తెమ్మ మాత్రం తల బయటపెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మంజులా," అంది, కొత్త మనిషితో మాట్లాడుతున్నట్టు మొహమాటపడుతూ. "నిన్న ఎట్లయింది, మంది మంచిగొచ్చిండ్రా? మా కోడలికి రాత్రి కడుపుల నొప్పొచ్చి దవాఖానల వేసినం. ఇయ్యాల మాపటి సంది నేను గుడ ఆడనే ఉండాలె. రేపు రొట్టెలుంటయా?"

ఇన్నేళ్లలో సత్తెమ్మ అడగడం అదే మొదటిసారి. రేపు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మంజుల చెయ్యి కొంగున ఉన్న ముడి మీదికి పోయింది. ఉంటయి అనడానికి దుకాణం లేదు. లేవు అనడానికి నోరు రాలేదు.

"చెప్పే పిల్లా, ఆటో పోవాలె" అన్నది సత్తెమ్మ.